వాగు రాళ్ల మీది ఎర్రపట్టీ

ఆ ఆటో డ్రైవర్ ఆరోజు తాగి ఉన్నాడని మిరుదొడ్డికీ దౌల్తాబాద్‌కూ మధ్య ఊళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చాయ్ హోటళ్లలో చెప్పుకుంటారు, నాట్ల దగ్గర చెప్పుకుంటారు, ఒక్కోసారి నా ముందే చెబుతారు. అతను తాగి లేడు. తల బయటపెట్టి, చూడవలసిన చోట చూసి, దాటవచ్చని నమ్మకం కుదిరాకే వాగులోకి దిగాడు. అతను చూసిన గుర్తే అబద్ధం చెప్పింది. ఆ గుర్తును అక్కడ అలా నిలబెట్టించిన మనిషిని నేను.

నేను రోడ్ల శాఖలో ఇంజనీరును. సిద్దిపేటలో మా శాఖ పేరు చెబితే చాలామందికి ముందు గుర్తొచ్చేది గెస్ట్‌హౌస్. రోడ్డు బాగున్నంత కాలం మేం ఎవరికీ కనబడం. గుంత పడ్డనాడు మా పేరు తలుచుకుంటారు, దానికి ముందో వెనకో ఒక బూతు కలిపి. అందులో తప్పు పట్టడానికేం లేదు. రోడ్డు మీద నడిచే మనిషి దాన్ని కట్టినవాణ్ని నమ్మి నడుస్తాడు. నమ్ముతున్నానని అతనికి కూడా తెలియదు. ఈ సంగతి నాకు ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు అర్థమైంది, అదీ ఈ వాగు దగ్గరే.

అక్కడ వాగు మీద ఉన్నది ఎత్తు తక్కువ వంతెన. ఎండాకాలంలో చూస్తే వంతెన అనే అనిపించదు. రోడ్డు కాస్త కిందికి దిగి మళ్లీ పైకెక్కినట్టు ఉంటుంది. పైనున్న చెరువు నిండి మత్తడి దుంకితే, అంటే అలుగు పొర్లితే మాత్రం నీళ్లు దాని మీదుగా పారతాయి. అప్పుడు రోడ్డు అంచు ఎక్కడుందో తెలియడానికి రెండు వైపులా సున్నం వేసిన రాళ్లు వరసగా పాతి ఉంచుతాం. ఒక్కో రాయి నడుమ ఎర్రరంగు పట్టీ వేయిస్తాం. దూరం నుంచి కనబడాలనే ఆ పట్టీ. మా శాఖ దానికి ఇచ్చిన అర్థం అంతే.

జనం మాత్రం దానికి ఇంకో అర్థం ఇచ్చుకున్నారు. పట్టీ పొడిగా ఉంటే పోవచ్చు, పట్టీ తడిస్తే ఆగాలి. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ట్రాక్టర్లవాళ్లు, పాలబండ్లవాళ్లు, పిల్లల్ని బడికి తీసుకుపోయేవాళ్లు అందరూ దాన్నే పాటించేవాళ్లు. మా నియమం ప్రకారం రోడ్డు మీదికి నీళ్లెక్కితే చాలు, దారి మూసేయాలి. కానీ మా జీపు డ్రైవరు కూడా పట్టీ చూసే దాటించేవాడు, నేను పక్క సీట్లో కూర్చుని ఉండగా. పాత రాళ్లకు ఆ పట్టీ చీలమండకు కాస్త పైన ఉండేది. అంత నీటిలో ఏ బండైనా దాటేది. అందుకే ఆ లెక్క ఏనాడూ తప్పలేదు.

ఇసుక ట్రాక్టర్లు తగిలి ఆ రాళ్లలో సగం వాలిపోయాయి, కొన్ని విరిగిపోయాయి. ఆ దారిన ఒక పెద్ద నాయకుడు వస్తున్నాడని తెలిసి, హడావిడిగా కొత్త రాళ్లు తెప్పించాను. మళ్లీ వాలకుండా రెండు అంచులా కాంక్రీటు దిమ్మె పోయించి, దాని మీద రాళ్లు నిలబెట్టించాను. రంగులవాళ్లు వచ్చి ఎప్పటిలాగే రాయి నడుమ పట్టీ వేసి పోయారు. వాళ్ల తప్పేమీ లేదు. రాయికి నడుమ వేయమన్నాం, వేశారు. దిమ్మె ఎత్తు పట్టీ ఎత్తుకు తోడైందన్న సంగతి వాళ్లు ఆలోచించాల్సింది కాదు.

నేను ఆలోచించాల్సింది. ఆలోచించాను కూడా. తనిఖీకి వెళ్లి ఒక రాయి పక్కన నిలబడితే పట్టీ నా మోకాలి దగ్గరికి వచ్చింది. పాతదానికంటే జానెడు పైన. జనం దీన్ని చూసే దాటతారు కదా అనుకున్నాను. ఆ వెంటనే, వానలకు ఇంకా టైముంది, ఈ పర్యటన అయిపోగానే దించి వేయిద్దాం అనుకున్నాను. నాయకుడు వచ్చాడు, కార్ల వరస దూసుకుపోయింది, రాళ్లు బాగున్నాయని మా పైఅధికారి మెచ్చుకున్నాడు. తర్వాత వేరే పనులు మీద పడ్డాయి. పట్టీ అక్కడే ఉండిపోయింది.

వానాకాలం నాట్లు జోరుగా సాగుతున్న రోజుల్లో ముసురు పట్టింది. చెరువు మత్తడి దుంకుతోందని ఫోన్ వస్తే, దారి మూయించడానికి సిద్దిపేట నుంచి జీపులో బయలుదేరాను. తుమ్మకొమ్మలు అడ్డం వేసి ఎర్రగుడ్డ కట్టడం మా పద్ధతి. మేం మిరుదొడ్డి వైపు ఒడ్డుకు చేరేసరికి నీళ్లు రోడ్డు మీద బలంగా పారుతున్నాయి. అవతలి ఒడ్డున ఒక ఆటో ఆగి ఉంది. వెనక నాట్లకు పోయే ఆడవాళ్లు కిక్కిరిసి ఉన్నారు. వాన కొట్టకుండా చుట్టూ పాలిథిన్ కవరు దించుకున్నారు. వాళ్లకు బయట ఏమీ కనబడే వీలు లేదు.

డ్రైవర్ తల బయటపెట్టాడు. నేను చూస్తూనే ఉన్నాను. అతను నా వైపు చూడలేదు. రాళ్లవైపు చూశాడు. ఒక రాయి, దాని తర్వాతి రాయి, ఆ తర్వాతిది. పట్టీలు పొడిగా, ఎర్రగా మెరుస్తున్నాయి. నేను జీపు దిగి చేతులు ఊపుతూ అరిచాను. ఆ నీళ్ల హోరులో నా అరుపు నాకే వినబడలేదు. ఆటో కిందికి దిగింది.

నడుమకు వచ్చేసరికి ఇంజన్ ఆగిపోయింది. చిన్న చక్రాల బండి, నీళ్లు కిందినుంచి ఎత్తుతుంటే పక్కకు జరగడం మొదలైంది. పాలిథిన్ లోపలినుంచి ఆడవాళ్ల కేకలు. ఆటో అలా జరిగి జరిగి నేను పాతించిన కొత్త రాళ్లకు తగిలి ఆగింది. కాంక్రీటులో నిలబెట్టినవి కాబట్టి ఊడిరాలేదు. పాత రాళ్లయితే ఆటోతో పాటే కొట్టుకుపోయేవి. ఈ మాట చెప్పి నన్ను నేను ఓదార్చుకోవడానికి ఎన్నోసార్లు ప్రయత్నించాను. పాత రాళ్లే ఉంటే అతను అసలు దిగేవాడే కాదు.

అవతలి ఊరి మనుషులు పరుగెత్తుకొచ్చారు. కల్లు గీసే ఒకతను భుజాన ఉన్న మోకుతాడును విప్పి ఒక కొస చెట్టుకు కట్టి, ఇంకో కొస నడుముకు చుట్టుకుని నీళ్లలోకి దిగాడు. డ్రైవర్ పాలిథిన్ చింపి ఒక్కొక్కరి చెయ్యీ తాడుకు అందించాడు. ఆ నాట్ల ముఠాకు పెద్ద అయిన ముసలమ్మను అందరూ పెద్దవ్వ అంటారు. చివరగా దిగింది ఆమే. తాడు పట్టు తప్పి కాలు రాయికీ ఆటోకూ మధ్య ఇరుక్కుంది. డ్రైవర్ వంగి మెడ దాకా మునిగి ఆ కాలు విడిపించి, ఆమెను వీపున వేసుకుని ఒడ్డుకు తెచ్చాడు. ఒక ప్రాణమూ పోలేదు. పెద్దవ్వ కాలు మాత్రం మళ్లీ మునుపటిలా కాలేదు.

నీళ్లు కాస్త తగ్గాక జీపును ఇటే వదిలి, తాడు పట్టుకుని నేను కూడా ఆ ఒడ్డుకు వెళ్లాను. అప్పటికే పెద్దవ్వ కొడుకు డ్రైవర్‌ను చెంప మీద కొట్టాడు. ఇంకెవరో వీపు మీద గుద్దారు.

"మా అవ్వను సంపుదామనుకున్నవారా? కండ్లు కనవడ్తలెవ్వా నీకు?"

"కనవడ్తున్నయి అన్నా, ఖుదా కసం, పట్టీ కనవడ్డంకనే దింపిన."

"ఏ పట్టీరా? గటు సూడు, యాడున్నది నీ పట్టీ?"

అప్పటికి నీళ్లు పెరిగి పట్టీ మునిగి, తగ్గుతూ కూడా ఇంకా మునిగే ఉంది. ఒక కుర్రాడు ఫోన్‌లో తీసిన వీడియో కూడా పట్టీ మునిగాక తీసిందే. ఆ సాయంత్రానికి అది అందరి ఫోన్లలో తిరిగింది. దాని మొదటి క్షణం నుంచి చివరి క్షణం దాకా ఎర్రరంగు ఎక్కడా లేదు.

"తాగిండురా వీడు. కండ్లు సూడున్రి ఎట్లున్నయో, మిరపపండ్ల లెక్క," అన్నారెవరో.

బురదనీళ్లలో మునిగి లేచిన కళ్లు ఎవరివైనా అలాగే ఉంటాయి. అక్కడున్న కల్లు గీసే అతని కళ్లూ అలాగే ఉన్నాయి. కానీ ఆ మాట ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి నా కళ్లముందే పోయింది. ఆరోజు ఎవరూ అతనికి ఏ పరీక్షా చేయలేదు. చేసి ఉంటే ఆ మాట అక్కడే చచ్చేది.

డ్రైవర్ నన్ను చూశాడు. గుంపును తోసుకుని నా దగ్గరకొచ్చాడు. పెదవి చిట్లి రక్తం కారుతోంది.

"సాబ్, మీరు గా ఒడ్డుకున్నరు. మీరు సూసిన్రు. నేను దింపేటప్పుడు పట్టీ సాఫ్ కనవడ్డదా లేదా? జర చెప్పున్రి సాబ్ వీళ్లకు."

అందరూ నా వైపు తిరిగారు. పెద్దవ్వ కొడుకు చెయ్యి ఇంకా పైకే ఉంది. నేను అవును అంటే చాలు, ఆ చెయ్యి దిగేది. అవును అంటే, పట్టీ కనబడినా ఆటో ఎందుకు మునిగిందన్న ప్రశ్న ఆ తర్వాత వచ్చేది. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర మాత్రమే ఉంది.

"నీళ్లు రోడ్డెక్కినంక రావద్దని తెల్వదా నీకు?" అన్నాను.

అబద్ధం కాదు. మా నియమమే. పెద్దవ్వ కొడుకు చెయ్యి మళ్లీ అతని చెంప మీద పడింది. నేను జీపు దగ్గరికి వెళ్లాలని తొందర నటించి అక్కణ్నుంచి కదిలాను.

మా పైఅధికారికి ఫోన్ చేశాను.

"ఎవరన్న పోయిన్రా?"

"లేదు సార్."

"దేవుడున్నడు. మరి నీ గొంతేందయ్యా అట్లున్నది?"

పట్టీ సంగతి చెప్పాను.

"పట్టీ అనేది మన రూల్ల లేదు. నీళ్లెక్కితే బంద్, గంతే. లేని దాని గురించి నువ్వెందుకు మాట్లాడుతవ్? పొద్దుగాల్నే మనుషులను పంపి రంగు కిందికి దించెయ్. మళ్ల ఇంకెవడన్న పడ్తే నీ పానం ఊకుంటదా, నా పానం ఊకుంటదా?"

అతను చెడ్డవాడు కాదు. చివరి మాట నిజంగా భయంతోనే అన్నాడు. రంగు దించకపోతే ఇంకో బండి దిగేది. మర్నాడు వాన తెరిపి ఇవ్వగానే దగ్గరుండి పట్టీలకు సున్నం పూయించి, జానెడు కింద, దిమ్మె అంచున, కొత్త పట్టీలు వేయించాను. చేయవలసిన పనే చేశాను. ఆ పని వెనక దాక్కున్నాను కూడా.

ఆ తర్వాత కొద్దిరోజులకు పోలీసులు డ్రైవర్‌ను అక్కడికి తీసుకొచ్చారు. శాఖ తరఫున నన్నూ రమ్మన్నారు. వాగు ఎండ పొడలో మామూలుగా పారుతోంది. అతను రాళ్ల దగ్గరికి నడిచి ఆగిపోయాడు. వంగి చూశాడు. లేచి ఇంకో రాయి దగ్గరికి పోయాడు.

"సాబ్, పట్టీ గీడ లేకుండె. జరంత మీదికుండె."

"రాయి నడుస్తదా భాయ్?" అన్నాడు కానిస్టేబుల్. "మందు దిగినంక రాళ్లు మళ్ల యాడియి ఆడికే పోతయి గని, నువ్వైతే జీపెక్కు."

వెంట వచ్చినవాళ్లు నవ్వారు. డ్రైవర్ నవ్వులు వినలేదు. మోకాళ్ల మీద కూర్చుని రాయి మీది సున్నాన్ని గోటితో గీకాడు. తెల్లటి పొర కింద ఎరుపు బయటపడింది. అతను గబగబా ఇంకాస్త గీకి, "గిదిగో, గిదిగో సాబ్," అన్నాడు.

"సున్నం కింద ఎప్పటియో రంగులుంటయి. పా," అన్నాడు కానిస్టేబుల్.

డ్రైవర్ తల ఎత్తి నా వైపు చూశాడు. ఈసారి చెప్పమని అడగలేదు. అప్పుడు అతనికి అంతా అర్థమైంది. అర్థమైందని నాకూ తెలిసింది. నేను నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డాను.

అతని మీద పెట్టిన కేసు నడుస్తూ పోయింది. లైసెన్సు పోలీసుల దగ్గరే ఉండిపోయింది. ఆటో విడిపించుకున్నా తాగుబోతు బండి అని ఎవరూ ఎక్కకపోతే అమ్మేశాడు. సిద్దిపేట మార్కెట్లో మూటలు దించుతూ ఒకసారి కనబడ్డాడు. నేను స్కూటర్ మీద ఇంకో సందులోకి తిరిగిపోయాను. అలా ఎన్ని సందులు తిరిగానో.

కోర్టులో సాక్షిగా నన్ను పిలిచారు. వరండాలో బెంచీ మీద అతను నాకంటే ముందే కూర్చుని ఉన్నాడు. తప్పించుకునే సందు అక్కడ లేదు. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు.

"సాబ్, ఇయ్యాల ఒప్పుకుంటున్న. వకీల్ సాబ్ చెప్పిండు, ఒప్పుకుంటే జల్ది తేలిపోతదట."

"ఏం ఒప్పుకుంటవ్?"

"అడ్డగోలుగ నడిపిన్నని. గది రాసుకోనియ్యి. తాగిండు అన్నది మాత్రం తీసెయ్యమని మీరొక్క మాట చెప్పున్రి. మీరు సర్కారోళ్లు, మీ మాట వింటరు." కాసేపు చేతులు చూసుకున్నాడు. "మా మస్జిద్‌ల ముంగటి వరసల నిలవడేటోన్ని సాబ్. ఇప్పుడు నేను పోయి నిలవడితే పక్కనోడు జరంత జరుగుతడు. ఏమనడు. జరుగుతడు, గంతే."

అతను నా దగ్గర న్యాయం అడగలేదు. చేయని తప్పును ఒప్పుకుంటూ, దానికి బదులుగా ఒక్క మాట తీసేయమని అడిగాడు. నా మనసులో మా పైఅధికారి ముందే చెప్పి పంపిన మాట ఉంది: అడిగినంత వరకే చెప్పు.

అడిగినంత వరకే చెప్పాను. నీళ్లు రోడ్డు మీద పారుతున్నప్పుడు దాటవచ్చా అని అడిగారు. దాటకూడదన్నాను. ఇక దిగవచ్చన్నారు. బోనులోని చెక్క పట్టుకుని నిలబడిపోయాను. గుమాస్తా మళ్లీ దిగమన్నాడు.

"ఇంకొక్క మాట ఉంది మేడమ్," అన్నాను.

జడ్జిగారు కళ్లద్దాల పైనుంచి చూశారు. చెప్పాను. దిమ్మె, జానెడు ఎత్తు, తనిఖీ రోజు నా మోకాలు, ఆటో దిగేటప్పుడు పొడిగా ఉన్న పట్టీలు, మర్నాటి సున్నం.

"ఈ మాట ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు?"

"భయపడ్డాను మేడమ్."

ఆమె అది రాసుకున్నారు. డ్రైవర్ వకీలు అతణ్ని ఏమీ ఒప్పుకోనివ్వలేదు. కొన్ని వాయిదాల తర్వాత కేసు కొట్టేశారు. నాకు శాఖ నుంచి తాఖీదు వచ్చింది, హుస్నాబాద్ వైపు బదిలీ వచ్చింది. అది శిక్ష అని నేను ఎవరితోనూ అనలేదు.

తీర్పు రోజు కోర్టు బయట అతని కోసం ఆగాను. అతనే ముందు మాట్లాడాడు.

"షుక్రియా అంటననుకున్నరా సాబ్?"

"లేదు."

"మంచిది. కోర్టుల మీ మాట విన్నోళ్లెంతమంది? ఊర్లల్ల నా మాట చెప్పుకునేటోళ్లెంతమంది? గాడ కూడ చెప్పున్రి. అప్పుడు చూద్దాం."

మళ్లీ నాట్ల కాలం వచ్చాక ఒకరోజు అతణ్ని స్కూటర్ మీద ఎక్కించుకుని పెద్దవ్వ వాళ్ల ఊరికి బయలుదేరాను. మడిలో ఆడవాళ్లు వరసగా వంగి పాట పాడుతూ నాట్లు వేస్తున్నారు. పెద్దవ్వ గట్టు మీద కాలు చాపుకుని కూర్చుని నారుకట్టలు విప్పి అందిస్తోంది. డ్రైవర్‌ను చూడగానే పాట ఆగిపోయింది. ఎవరో గొణిగారు, ఎవరో ఉమ్మేశారు.

గట్టు మీద నిలబడి చెప్పాను. కోర్టులో కంటే ఇక్కడే కష్టమైంది. అక్కడ ఎవరి కాళ్లకూ బురద లేదు.

చెప్పడం అయిపోయాక ఒకామె నడుం ఎత్తింది. "మస్తు చెప్పినవ్ సారూ, కాయిదం సదివినట్టు. గీ సదువు ఆనాడు యాడ వెట్టినవ్?"

పెద్దవ్వ చేతిలోని నారుకట్ట కింద పెట్టి డ్రైవర్ వైపు తిరిగింది.

"మరి నువ్వెందుకు సప్పుడు జెయ్యలే బిడ్డా?"

"చెప్పిన అవ్వా. నీ కొడుకు చెయ్యి పడ్డంక నా మాట ఎవలు విన్నరు?"

పెద్దవ్వ బొడ్లోంచి ఫోన్ తీసి, బురద వేళ్లతో ఒక్కో అంకెనూ గుర్తుపట్టి నొక్కింది. కొడుకు దుబాయిలో పనికి పోయాడని అప్పుడే తెలిసింది.

"అవ్వా, డ్యూటీల ఉన్న. జల్ది చెప్పు," అన్నాడు అతను. ఫోన్ అందరికీ వినబడేలా ఉంది.

"నాకేం లేదు గని, రోడ్ల సార్ ఒగాయన వచ్చిండు. నీకొక ముచ్చట చెప్తడట. నువ్వు ఊకో, మధ్యల మాట్లాడకు."

డ్రైవర్ అక్కణ్నుంచి పోబోయాడు. పెద్దవ్వ అతని చెయ్యి పట్టి గట్టు మీద కూర్చోబెట్టింది. ఫోన్ నా ముఖం ముందు పెట్టింది.

డ్రైవర్ ఆరోజు తాగి లేడని, ముందు ఆ మాట చెప్పాను. తర్వాత మిగతాదంతా. అటువైపు యంత్రాల చప్పుడు వినబడుతోంది.

"భాయ్ ఆడనే ఉన్నడా?" అన్నాడు కొడుకు.

పెద్దవ్వ నా ముఖం ముందు నుంచి ఫోన్ తీసి, డ్రైవర్ చెవికి ఆనించి పట్టుకుంది. నేను గట్టు దిగి స్కూటర్ దగ్గరికి నడిచాను. వాళ్లేం మాట్లాడుకున్నారో తెలియదు. మడిలో ఒక్కరూ మళ్లీ వంగలేదు. అందరూ చేతుల్లో నారు పట్టుకుని అతని ముఖం వైపే చూస్తున్నారు.